విరగాల్సిన వంతెన

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకి ఒకటుంది గానీ, కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరి నోటా వినపడదు. బీకాం పాసైన రోజు నుంచి వీధి వీధంతా ఆమెని ‘డిగ్రీ’ అనే పిలుస్తోంది. “డిగ్రీ, ఈ మందుసీసా మీద తారీఖు దాటిపోయిందేమో చూడమ్మా” అని ఒకరు, “డిగ్రీ, మా పిల్లకి ఈ లెక్క బుర్రకెక్కడం లేదు, కాస్త చెప్పు” అని ఇంకొకరు. ఆ ఇంట్లో అంతకుముందు పదో తరగతి దాటిన మనిషి లేడు. అందుకని అమ్మా నాన్నా కూడా మొదట ముద్దుకి మొదలుపెట్టి, తర్వాత అలవాటుకొద్దీ అదే పేరు ఖాయం చేశారు.

అమ్మది బైండింగ్ షాపులో పని. చిరిగిన పుస్తకాలు, కోర్టు కాగితాల కట్టలు, పిల్లల రికార్డులు ఏది వచ్చినా కుట్టి, అతికి, అట్ట వేసి పంపుతుంది. నాన్న లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడతాడు. చిన్నప్పుడు షాపులో కత్తిరించి పారేసిన అట్టముక్కలు అమ్మ సంచినిండా తెచ్చి పోస్తే, డిగ్రీ వాటితో మేడలు కట్టేది. మెట్లూ, కిటికీలూ, కిటికీకి తలుపులూ. “మనకా కాలు చాపుకునే చోటు లేదు, దీని మేడలకి మాత్రం వరండాలు కూడానా!” అని నాన్న వాటిని దాటుకుంటూ నడిచేవాడు గానీ, ఒక్కటంటే ఒక్కటి తొక్కలేదు.

అందుకే, ఏ డిగ్రీ ఉన్నవాళ్ళయినా ఆర్కిటెక్చర్ పీజీకి పెట్టుకోవచ్చని తెలిసినప్పుడు ఆమె మరో ఆలోచన చేయలేదు. పెట్టింది. సీటు వచ్చింది. వస్తూ వస్తూ వెనకాల ఒక మెలిక కూడా తెచ్చింది.

“సీటిచ్చారు నాన్నా, కానీ...” అంది ఆ రోజు.

“ఇచ్చాక మళ్ళీ కానీ ఏమిటే?” అంది అమ్మ లోపల్నించి.

“నాది బీకాం కదా. క్లాసులు మొదలయ్యేలోపు నాలుగు సబ్జెక్టులు విడిగా పాసవ్వాలట. లెక్కలు, చేత్తో బొమ్మలు గీయడం, పాత కట్టడాల చరిత్ర, ఆఖరిది స్టాటిక్స్. అంటే ఏ బరువు ఎటు తోస్తుంది, దేన్ని ఏది మోస్తుంది అన్న లెక్క. ఒక్కటి తప్పినా సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.”

నాన్న ఆమె వైపు తిరిగాడు. “అంటే తల్లీ, ఇన్నేళ్ళూ చదివింది చదువు కాదా?”

“చదువే నాన్నా. కాకపోతే ఆ దారి వేరు, ఈ దారి వేరు.”

“బట్ట ఉతికి, ఆరేసి, మడత నలక్కుండా ఇస్త్రీ చేసి పట్టుకెళితే, ఇప్పుడెళ్ళి నూలు వడకడం నేర్చుకు రమ్మన్నట్టుంది” అన్నాడాయన. పైకి నవ్వాడు గానీ ఆ రోజంతా తేరుకోలేదు.

డిగ్రీ మాత్రం తేరుకుంది. పగలు జిరాక్స్ షాపులో పని, సాయంత్రాలు కాలేజీ. లెక్కలు గట్టెక్కింది. బొమ్మలు గట్టెక్కింది. చరిత్రలో అయితే క్లాసు మొత్తానికి పైన నిలిచింది. మిగిలింది స్టాటిక్స్ ఒక్కటే. రాతపరీక్ష కూడా అయిపోయింది. దాంట్లో బొటాబొటిగా వచ్చిన మార్కులు చాలవు. పాసవ్వాలంటే ల్యాబు పరీక్షలో గట్టిగా తెచ్చుకోవాలి. అది సోమవారం. మార్కులు మంగళవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఆర్కిటెక్చర్ స్కూలుకి చేరాలి.

స్టాటిక్స్ చెప్పే లెక్చరర్‌ని పిల్లలు ఇసుక మాస్టారు అంటారు. ఎందుకంటే ఆయన ల్యాబు పరీక్ష నడిచేదే ఇసుక మీద. ఒక్కొక్కరూ ఐస్‌క్రీం పుల్లలతో ఒక చిన్న వంతెన కట్టుకురావాలి. దాన్ని రెండు బల్లలకి మధ్య ఆనించి, నడుముకి బకెట్ వేలాడదీసి, ఆయన చిన్న డబ్బాతో ఇసుక పోస్తూ పోతాడు. వంతెన విరిగేదాకా పోస్తాడు. అది ఎక్కడ విరుగుతుందో, ఎన్ని కిలోలకి విరుగుతుందో కట్టినవాళ్ళు ముందే బోర్డు మీద రాయాలి. ఎంత మోసిందన్నది ఆయనకి అక్కర్లేదు. రాసినదానికీ జరిగినదానికీ తేడా ఎంతన్నదాన్ని బట్టే మార్కులు.

“బలంగా కట్టడానికి నా క్లాసు ఎందుకయ్యా? నాలుగు పుల్లలు ఎక్కువ వేస్తే సరి. ఎంత బలమో తెలిసి కట్టేవాళ్ళు కావాలి నాకు” అనేది ఆయన రోజూ చెప్పే మాట. ఇంకో మాట కూడా చెప్పేవాడు. “వంతెన మీద మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడిందని తెలిసిందా, పేపరు రద్దు.”

డిగ్రీ తన వంతెనని నాలుగుసార్లు కాగితం మీద కట్టి, అయిదోసారి పుల్లలతో కట్టింది. పుల్లలు కలిసే ప్రతి అతుకుకీ అటూ ఇటూ చిన్న అట్టబిళ్ళలు అంటించింది. విడిగా రెండేసి పుల్లలు అదే జిగురుతో అతికి, లాగి చూసి, అతుకు ఎంతకి ఊడుతుందో తెలుసుకుంది. లెక్క తేలింది. ఎనిమిది కిలోల దగ్గర కింద వరసలో మధ్య అతుకు ఊడిపోతుంది.

ఆదివారం ఆమె జిరాక్స్ షాపుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, అమ్మ బీరువా మీదున్న వంతెనని దూరం నుంచే చూస్తూ అడిగింది.

“రేపు దీన్నేం చేస్తారే?”

“బరువు పెడతారమ్మా.”

“ఎంత పెడతారు?”

“విరిగేదాకా.”

“ఓరి దేవుడో! ఆగుతుందా మరి?”

“ఎక్కడాగుతుందీ? అదిగో, కింద మధ్యలో అతుకు ఉంది చూడు, అక్కడ ఊడిపోతుంది. ఎనిమిది కిలోలు దాటితే దాని పని అయిపోయినట్టే” అనేసి, బస్సు వస్తోందని పరుగెత్తింది. తన లెక్క మీద ఉన్న ధీమాతో అన్న మాట అది. అమ్మ మొహం వైపు చూడలేదు.

*

సోమవారం ల్యాబులో ముందు వంతెనల్ని తూచారు. డిగ్రీ వంతెన ఇంట్లో తూచినదానికంటే ఒక పిసరు బరువు ఎక్కువ చూపించింది. ఇచ్చిన హద్దులోనే ఉంది. తేమ పట్టిందేమో అనుకుంది.

ఆమె కంటే ముందు నలుగురి వంతెనలు విరిగాయి. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే ‘స్తంభం’ తన వంతెనకి అయిదు కిలోలు రాస్తే, అది అయిదుంపావుకి ఫట్‌మంది. మాస్టారు వాడి భుజం తట్టాడు. తర్వాత డిగ్రీ లేచి బోర్డు మీద రాసింది. ‘ఎనిమిది కిలోలు. కింద మధ్య అతుకు.’

మాస్టారు బకెట్ తగిలించి ఇసుక పోయడం మొదలుపెట్టాడు. పక్కన ఇసుక తొట్టి కిందున్న త్రాసు మీద, తీసిన ఇసుక ఎంతో చూపే అంకెలు మారుతున్నాయి. నాలుగు. ఆరు. ఏడు దాటింది. ఎనిమిది. ఇప్పుడు ఊడాలి.

ఊడలేదు.

“ఎనిమిదిన్నర” అన్నాడు మాస్టారు. “పరవాలేదు, ఇంకా హద్దులోనే ఉంది.”

తొమ్మిది అయింది. పది అయింది. వంతెన కిమ్మనలేదు.  పన్నెండు దగ్గర వెనక బల్లల్లో ఉన్నవాళ్ళు లేచి ముందుకొచ్చారు. “దీనికేం తినిపించావే తల్లీ?” అన్నాడు స్తంభం. పదిహేను దగ్గర నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు డబ్బా పక్కనపెట్టి, వంగి, వంతెన కిందకి తొంగిచూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మళ్ళీ పోశాడు. బకెట్ నిండిపోయింది. ఇసుక మీద ఇనప గుండ్లు పెట్టాడు. పుల్లలు విల్లులా వంగాయి గానీ ఒక్క అతుకు కదల్లేదు.

అప్పుడు ఫెళ్ళున ఏదో తెగింది. క్లాసంతా ఒక్క అరుపు అరిచింది. తెగింది వంతెన కాదు. బకెట్ చెవి. బకెట్ బోర్లా పడి, ఇసుకంతా మాస్టారి బూట్ల నిండా, ప్యాంటు మడతల నిండా ఒలికింది. రెండు బల్లల మధ్య వంతెన మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

ఒకటే చప్పట్లు. ఈలలు. డిగ్రీకి అవేవీ చెవిన పడటం లేదు.  లెక్క ఎక్కడ తప్పింది? తప్పినా ఇంత తప్పుతుందా?

మాస్టారు బూట్లు దులుపుకోవడం కూడా మర్చిపోయి, వంతెనని చేతిలోకి తీసుకుని కింద మధ్య అతుకు దగ్గర బ్లేడు దూర్చాడు. అట్టబిళ్ళ మెల్లగా లేచింది. లోపల దారం. మైనం పట్టించిన తెల్లటి సన్న దారం. రెండు చుట్లు చుట్టి, ముడి ఉబ్బెత్తుగా కనపడకుండా దాని తోకని దాని కిందకే దోపిన ముడి.

డిగ్రీ ఆ ముడిని చూసింది. చూసి, బల్ల అంచు పట్టుకుంది.

ఆ ముడి ఆమెకి మాటలు రాకముందు నుంచీ తెలుసు. ఆమె చదివిన ప్రతి పాఠ్యపుస్తకం వెన్నులోనూ ఉంది. పుస్తకం తెరిచినా మూసినా పైకి కనపడకూడదని అమ్మ అలాగే వేస్తుంది.

“ఏమిటిది?” అన్నాడు మాస్టారు, పక్క అతుకుల్లోనూ బ్లేడు దూర్చి అదే దారం చూసి.

క్లాసంతా ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుల మధ్య అమ్మ పేరు ఎత్తాలనిపించలేదు. ఎత్తితే పేపరు రద్దు కూడా.

“నేనే కట్టాను సార్.”

“లెక్కలో దారం లేదే మరి?”

“మర్చిపోయాను సార్.”

“ప్రతి అతుక్కీ కట్టి మర్చిపోయావా?” ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపం కంటే నమ్మలేకపోవడమే ఎక్కువగా ఉంది ఆ చూపులో. “సరే. నువ్వు రాసిన అంకెకి సున్నా. ఇది నీ పాసు సంగతి తేల్చేస్తుందని తెలుసుగా?”

తెలుసన్నట్టు తల ఊపింది. 

*

ఇంటికొచ్చేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. నాన్న లాండ్రీ నుంచి పెందలాడే వచ్చేశాడు. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“నిలబడిందా?”

“నిలబడింది.”

“విరగలేదు కదా?”

“బకెట్ విరిగింది.”

అమ్మ మొహం వెలిగిపోయింది. “చూశారా! నేను చెప్పలా? బకెట్టే విరిగిందట!”

“దారానికి మైనం ఇంకో రెండుసార్లు పట్టించమన్నది నేనే కదే. ఆ సంగతి కూడా చెప్పు” అన్నాడు నాన్న, తన వాటా వదులుకోకుండా. “అట్టబిళ్ళలు మళ్ళీ అంటించాక ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా పెట్టి అదిమింది కూడా నేనే. గీత పడితే ఒట్టు.”

డిగ్రీ సంచి కింద పడేసి అక్కడే గడప మీద కూలబడింది. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. “నాన్నా, నువ్వు కూడానా?” అంది.

అప్పుడు చెప్పింది. అది విరగాల్సిన వంతెన అనీ, ఎనిమిది కిలోలకి విరిగితే పాసనీ, విరగలేదు కాబట్టి సున్నా అనీ, రేపు సాయంత్రానికి సీటు పోతుందనీ.

 అమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే గోడకి జారి కింద కూర్చుంది.

“విరక్కపోతే ఫెయిలా?” అంది. “ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం? విరగ్గొట్టుకోవడానికి చదువులేమిటే? ఇల్లు కట్టేవాళ్ళకి కూలగొట్టడం నేర్పుతారా?”

“ఎంతకి కూలుతుందో తెలియకపోతే కూలకుండా ఎలా కడతానమ్మా?”

“నువ్వే కదే అన్నావు! దాని పని అయిపోయినట్టే అన్నావు. మధ్యలో ఊడిపోతుందన్నావు. పాపం పిల్ల భయపడి నాకు చెప్పుకుంటోంది, అడగడానికి మొహమాటపడుతోందనుకున్నాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టి అలా అనేసి వెళ్ళిపోతే నేనేమనుకోవాలి?”

 డిగ్రీ ఇన్నాళ్ళుగా రోజూ చదువుకొస్తోంది గానీ, చదువుతున్నదేమిటో ఒక్కసారైనా అమ్మని కూర్చోబెట్టి చెప్పింది లేదు.

ముందుగా తేరుకున్నది నాన్న. “ఇస్త్రీపెట్టె ఎంత వేడికి బట్ట మాడుతుందో తెలియనివాడికి మా దగ్గర బల్ల అప్పగించరు. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది” అన్నాడు మెల్లగా.

“అయితే మాత్రం? ముందు ఒక బట్ట మాడ్చి చూపించమన్నారా మిమ్మల్ని?” అని విసురుకుంది అమ్మ. విసురుకుందన్న మాటే గానీ గొంతులో పస లేదు. తర్వాత అడిగింది. “ఆ దారం ఎవరు కట్టారని అడిగితే ఏం చెప్పావు?”

“నేనే కట్టానని చెప్పాను.”



*

పొద్దున డిగ్రీ లేచేసరికి అమ్మ లేదు. స్టౌ మీద పాలు అలాగే ఉన్నాయి. షాపు తెరిచే వేళ ఇంకా కాలేదు.

“ఎటెళ్ళింది నాన్నా?”

“నన్నడక్కు. ‘మీరు పడుకోండి’ అంది. పడుకున్నాను” అన్నాడు నాన్న దుప్పట్లోంచి.

డిగ్రీ తల కూడా దువ్వుకోకుండా కాలేజీకి పరుగెత్తింది. అనుకున్నంతా అయింది. ల్యాబు బయట వరండాలో అమ్మ, చేతిలో సంచి పట్టుకుని, తాళం తీయబోతున్న మాస్టారికి అడ్డంగా నిలబడి ఉంది.

“ఆ చెయ్యి నాది బాబూ. ఫెయిల్ చేస్తే నన్ను చేయండి. నాకు పోయేదేమీ లేదు” అంటోంది.

మాస్టారు బిత్తరపోయి చూస్తున్నాడు. ఆయన సర్వీసులో మార్కులు వేయమని వచ్చిన తల్లులున్నారు గానీ, ఫెయిల్ చేయమని వచ్చిన తల్లి ఈమే మొదలు అయ్యుంటుంది. డిగ్రీని చూడగానే అన్నాడు.

“నిన్న నువ్వే కట్టానన్నావు. ఈవిడ తనే కట్టానంటోంది. కూతుర్ని గట్టెక్కించడానికి తల్లి ఏమైనా చెబుతుంది. నేనెవర్ని నమ్మాలి?”

డిగ్రీ నోరు తెరిచేలోపే అమ్మ సంచిలోంచి దారపు ఉండ తీసి, మాస్టారి జేబులోని పెన్ను తనే లాక్కుని, దాని చుట్టూ రెండు చుట్లు తిప్పింది. తోక ఎటు పోయిందో కనపడలేదు. పెన్ను ఆయన చేతిలో పెట్టేసింది. “ఇప్పుడు దాన్ని కట్టమనండి. చిన్నప్పట్నించీ నేర్పుతూనే ఉన్నాను, దానికి రాదు.”

నిజమే. రాదు.

మాస్టారు పెన్ను తిప్పి తిప్పి చూశాడు. తర్వాత డిగ్రీ వైపు తిరిగాడు. “అబద్ధమాడావన్న మాట.”

“ఆడాను సార్.”

“ఎందుకు?”

“అందరూ నవ్వుతున్నారు సార్. ఆ నవ్వుల్లోకి అమ్మని లాగలేకపోయాను.”

 మాస్టారు గొంతు పెంచలేదు. “ఇదిగో, ఇది పరీక్ష కోసం చెప్పడం లేదు. రేపు బిల్డింగు డ్రాయింగు కింద సంతకం పెట్టేది నువ్వు. నీ లెక్కలో లేనిది లోపల ఉందని తెలిసీ, అది నాదేనని సంతకం పెడితే, దాని కింద పడుకునేవాళ్ళ సంగతేమిటి? బలంగా ఉన్నా సరే, నాదని చెప్పకూడదు. తెలిసిందా?”

తిట్టినా అంత తగిలేది కాదు. “తెలిసింది సార్” అంది.

“నువ్వు కట్టమని చెప్పకపోయినా రూలు రూలే. ఇంకో చెయ్యి పడితే రద్దు. ఒక్క దారి ఉంది గానీ...” ఆయన తల గోక్కున్నాడు. “విద్యార్థికి తెలియకుండా పరీక్షకి ముందే నమూనా పాడైతే, పాడుచేసిన మనిషి వచ్చి ఒప్పుకుంటే, ఇక్కడే నా కళ్ళ ముందు ఇంకోటి కట్టనివ్వచ్చు. కానీ ఇది పాడైందని ఎలా అనమంటారు? బకెట్ చెవి తెగిందమ్మా! పాడవడం కాదు, బాగుపడింది!”

“బాబూ, ఒక్క మాట చెప్పండి” అంది అమ్మ. “దాని పని నేను చెడగొట్టానా, లేదా?”

“చెడగొట్టారు. అందులో అనుమానం లేదు.”

“మరి చెడిపోయినదాన్ని పాడైంది అనక ఏమంటారు?”

  మాస్టారు ఓడిపోయినట్టు తాళం తీసి, తలుపు తోసి, డిగ్రీని లోపలికి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. “మీరు మాత్రం ఆ బెంచీ మీద కూర్చోండి. చేతులు ఒళ్ళోంచి తీయకూడదు.”

*

డిగ్రీ పుల్లలు కోయడం మొదలుపెట్టింది. బెంచీ ల్యాబు గుమ్మానికి ఎదురుగానే ఉంది. అమ్మ అక్కడి నుంచి అంతా చూస్తోంది. రెండు పుల్లలు కలిసేచోట డిగ్రీ ఒక్క చుక్క జిగురు వేసి వదిలేస్తుంటే, అమ్మ ఊపిరి చప్పుడు లోపలికి వినపడుతోంది. “ఒక్క చుక్కేనా?” అంది ఉండబట్టలేక.

“అమ్మా!”

“అనలేదు, ఏమీ అనలేదు” అని అమ్మ రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

సగం కట్టాక డిగ్రీకి ఒకటి తట్టింది. ఈ జిగురు తన జిగురు కాదు. ల్యాబులోది. రంగు వేరు, ఆరే తీరు వేరు. తన ఎనిమిది కిలోలూ ఇంట్లో ఉన్న జిగురు మీద కట్టిన లెక్క.  పని ఆపి, విడిగా ఆరు పుల్లలు తీసుకుని, రెండేసి అతికి, ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ లాగి చూసింది. అనుమానించినట్టే ఇది అంత గట్టిది కాదు. కాగితం తీసుకుని మొదటి నుంచీ లెక్క వేసింది. ఆరుంపావు వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ ఆరుంపావే.

మధ్యాహ్నం దాటింది. జిగురు ఆరింది. సంగతి ఎలా పొక్కిందో గానీ స్తంభం, ఇంకో నలుగురూ వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. డిగ్రీ బోర్డు మీద రాసింది. ‘ఆరుంపావు. కింద మధ్య అతుకు.’

“నిన్న ఎనిమిది రాశావుగా!” అన్నాడు స్తంభం.

“నిన్న జిగురు వేరు.”

 మాస్టారు కొత్త బకెట్ తగిలించాడు. దాని చెవిని రెండుసార్లు లాగి చూసుకుని, ఇసుక పోయడం మొదలుపెట్టాడు.

నాలుగు. అయిదు. అమ్మ బెంచీ మీంచి లేచి గుమ్మం దగ్గరికొచ్చింది. అయిదున్నర. వంతెన కిర్రుమంది. ఆ చప్పుడుకి అమ్మ చేతులు చంకల్లో బిగించి గుమ్మానికి ఆనుకుంది. విరక్కపోతే కూతురి సీటు పోతుందనీ తెలుసు, అది విరిగితేనే ఉంటుందనీ తెలుసు. తెలిసీ ఆమె పెదవులు “ఆగు, ఆగు” అంటూనే ఉన్నాయి. డిగ్రీ అది చూసింది. తను లోపల “విరుగు, విరుగు” అనుకుంటూ అమ్మ పెదవుల్నే చూస్తోంది.

ఆరు. ఆరుంపావు. ఏమీ కాలేదు.  మాస్టారు ఇంకో అరడబ్బా ఒంపాడు.

ఫట్!

“అయ్యో నా తల్లీ!” అని కేకవేసింది అమ్మ.

వంతెన రెండు ముక్కలై బకెట్‌తో పాటు కింద పడింది. కింద మధ్య అతుకు దగ్గరే, కోసినట్టు ఊడింది. త్రాసు మీద అంకె ఆరున్నర దగ్గర ఆగి ఉంది.

చప్పట్లు మోగాయి. స్తంభం ఈల వేశాడు. మాస్టారు ముక్కలు రెండూ ఏరి, ఊడినచోట వేలితో తడిమి, గడియారం చూసుకుని, మార్కుల పట్టీ తీసుకుని ఆఫీసు వైపు గబగబా నడవబోయాడు. అమ్మ మాత్రం ఇంకా గుమ్మంలోనే, ఎవరైనా పోతే వీళ్ళంతా చప్పట్లు కొడుతున్నారేమిటన్నట్టు అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆయన తన పక్కనుంచి వెళ్తుంటే ఆపి, గొంతు తగ్గించి అడిగింది.

“బాగానే విరిగిందా బాబూ?”

“చాలా బాగా విరిగిందమ్మా” అన్నాడాయన. “పాసు. సీటు ఎక్కడికీ పోదు.”

అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు గానీ ఆమె చేతులకి విడుదల దొరికినట్టు లేదు. డిగ్రీ వచ్చి ఆ చేతుల్ని పట్టుకుంటే రెండూ తిమ్మిరెక్కి చల్లగా ఉన్నాయి. “అమ్మా, రేపట్నించి ఏం చదివినా ముందు నీకే చెప్తాను” అంది.

“చెప్పు. అర్థం కాకపోయినా ముట్టుకోకుండా ఉంటాను” అంది అమ్మ.

పట్టీ ఇచ్చి వచ్చిన మాస్టారు, వాళ్ళు బయల్దేరేటప్పుడు నిన్నటి వంతెనని తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. దాన్నేం చేయాలో ఆయనకీ తోచలేదు. ఇంటికి తీసుకెళ్ళాక నాన్న దాన్ని వంటగది అరుగు మీద పెట్టి, దాని మీద బియ్యం డబ్బా పెట్టి చూశాడు. డబ్బా మీద ఇస్త్రీపెట్టె పెట్టి చూశాడు. ఆగింది.

“అబ్బ! ఏం కట్టావే!” అన్నాడు అమ్మతో.

అమ్మ గాభరాగా వీధి తలుపు వైపు చూసింది.

“మెల్లగా అనండి. నేను కట్టానని మళ్ళీ ఎవరి చెవినైనా పడితే, పిల్ల సీటు ఊడుతుంది.”